మనుషులు వాళ్ళే, పని మారింది

(బే ఏరియా కమ్యూనిటీ రేడియోలో ఆదివారం తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



ఉద్యోగంలో ఇచ్చే శిక్షణ, ఆఫీసు వాతావరణం మనిషి పనితీరుని ఎలా మారుస్తాయి అన్న విషయం మీద ఈవారం మాట్లాడమన్నారు. నేను ఐటీ కన్సల్టెంటుని. కన్సల్టెంటు బతుకు ఎలా ఉంటుందో మీకు తెలిసిందే, ఆర్నెల్లు ఒక ఊళ్ళో, ఏడాది ఇంకో ఆఫీసులో. పెట్టె సర్దుకోవడం విసుగే గానీ దానివల్ల ఒక లాభం కూడా ఉంది. ఒకే చదువు, ఒకే అనుభవం, ఒకే సాఫ్ట్‌వేరు ఉన్న రెండు ఆఫీసుల్లో పని రెండు రకాలుగా నడవడం దగ్గరుండి చూసే వీలు దొరుకుతుంది. ఒకచోట చురుగ్గా ఉన్న మనిషే ఇంకోచోటికి వెళ్ళి మూడు నెలల్లో నీరుగారిపోవడం చూశాను. పనికిరాడని ఒకరు వదిలేసిన మనిషి ఇంకోచోట అందరికీ పెద్దదిక్కు కావడమూ చూశాను.

మనం మాత్రం దీన్ని మనిషి గుణం కింద తేల్చేస్తాం. "వాడికి బద్ధకం", "ఆవిడకి నేర్చుకోవాలని లేదు", "ఆయన అంతే". దానికి తోడు మనకో సామెత కూడా సిద్ధంగా ఉంది, మొక్కై వంగనిది మానై వంగునా అని. పిల్లల పెంపకంలో ఈ సామెత ఎంత నిజమో నాకు తెలియదు గానీ, ఉద్యోగం విషయంలో మాత్రం ఇది చాలావరకు తప్పని చూపించే పెద్ద ఉదాహరణ ఒకటి మన ఊళ్ళోనే ఉంది. ఇవాళ ఆ కథ చెబుతాను.

ఫ్రీమాంట్‌లో 880 ఫ్రీవే మీద వెళ్తుంటే కనిపించే టెస్లా ఫాక్టరీ మీ అందరికీ తెలుసు. మనవాళ్ళు కూడా కొంతమంది అక్కడ పనిచేస్తున్నారు. నేను మాస్టర్స్ చదవడానికి ఈ దేశం వచ్చేసరికే అది టెస్లా చేతికి వచ్చేసింది. కానీ ఆ చోటుకి అంతకుముందే రెండు జన్మలున్నాయి.

మొదటి జన్మలో అది జనరల్ మోటర్స్ వారిది. 1960ల మొదట్లో కట్టి, 1982లో మూసేశారు. ఆ ఇరవై ఏళ్ళ చివరికొచ్చేసరికి దానికి ఆ కంపెనీ ఫాక్టరీలన్నిటిలోకీ చెడ్డపేరు వచ్చింది. రోజూ నూటికి ఇరవైమంది దాకా పనికి వచ్చేవారు కాదట. వచ్చినవాళ్ళలో కొందరు తాగి వచ్చేవారు. కోపం తీర్చుకోవడానికి కారు తలుపు లోపల ఖాళీ సీసా వదిలేసేవారని అక్కడ పనిచేసినవాళ్ళే తర్వాత చెప్పుకున్నారు. కొన్నవాడు కారు నడిపిన ప్రతిసారీ లోపల ఎక్కడో గలగలమంటుంది, ఎక్కడో ఎవరికీ తెలియదు. యాజమాన్యం మీద యూనియన్ పెట్టిన ఫిర్యాదులు వేలకొద్దీ పేరుకుపోయాయి. అన్నిటికంటే పెద్ద నియమం ఒకటుండేది. ఏం జరిగినా సరే లైన్ ఆగకూడదు. ఇంజన్ తప్పుగా పెట్టినా, బోల్టు బిగియకపోయినా కారు ముందుకు పోవలసిందే. చివర్లో ఒక మైదానంలో నిలబెట్టి బాగుచేసుకోవచ్చు. తప్పు జరిగిందని కళ్ళతో చూసినవాడు నోరు మూసుకోవడమే అక్కడి పని సంస్కృతి.

మూసేశాక రెండేళ్ళకి రెండో జన్మ మొదలైంది. జనరల్ మోటర్స్, జపాన్ కంపెనీ టొయోటా కలిసి 1983లో ఒప్పందం చేసుకున్నాయి. అమెరికన్ కార్మికులతో, అమెరికాలో తమ పద్ధతి నడుస్తుందో లేదో చూసుకోవాలని టొయోటా ఉద్దేశం. చిన్న కార్లు లాభానికి ఎలా తయారుచెయ్యాలో నేర్చుకోవాలని జనరల్ మోటర్స్ ఉద్దేశం. కొత్త సంస్థకి న్యూ యునైటెడ్ మోటర్ మాన్యుఫాక్చరింగ్ అని పేరు పెట్టారు. పొట్టిపేరుని ఇక్కడివాళ్ళు "నూమీ" అని పలికేవారు. ఆ ఇంగ్లీషు అక్షరాలు చూస్తే మన తెలుగువాడు మాత్రం "నమ్మి" అనే చదువుకుంటాడు. ఆ మాటతో మనకి ఇంకాసేపట్లో పనిపడుతుంది.

1984 డిసెంబరులో మొదటి కారు బయటికొచ్చింది. ఎవరు తయారుచేశారా కారు? కొత్తగా పెట్టుకున్న కార్మికుల్లో నూటికి దాదాపు 85 మంది పాత ఫాక్టరీ వాళ్ళే. అదే యూనియన్, అదే నాయకులు. మానుగా మారిపోయారు, ఇక వంగరు అనుకున్న మనుషులు సరిగ్గా వీళ్ళే. ఇప్పుడు ఫలితాలు వినండి. పనికి రానివాళ్ళు నూటికి ఇరవై నుంచి రెండుకి పడిపోయారు. 1986 చివరికి ఒక్కో కారుకి పట్టే శ్రమ పాత ఫాక్టరీతో పోలిస్తే సగానికంటే తక్కువకి వచ్చింది. నాణ్యతలో జనరల్ మోటర్స్ ఫాక్టరీల్లోకెల్లా పైకొచ్చి, జపాన్‌లోని టొయోటా ఫాక్టరీ పక్కన నిలబడగలిగింది. యంత్రాలు మరీ గొప్పవేం కావు. ఆ రోజుల్లో జనరల్ మోటర్స్ మిగతా ఫాక్టరీల్లో రోబోల మీద పెద్దఎత్తున డబ్బు ఖర్చుపెడుతోంది, ఆ ఫలితం అక్కడ కనబడలేదు.

ఏం మారింది మరి? రెండు మారాయి. ఒకటి నేర్పే పద్ధతి, రెండోది నేర్చుకున్నది వాడనిచ్చే వాతావరణం. ఒకదాని తర్వాత ఒకటి చూద్దాం.

మొదట నేర్పడం. ఫాక్టరీ తెరవకముందే వందలమంది టీం లీడర్లనీ, గ్రూప్ లీడర్లనీ విడతలు విడతలుగా జపాన్ పంపించారు. టొయోటా సిటీలో తకావోకా అనే ఫాక్టరీలో, ఇక్కడ తాము చెయ్యబోయే పనినే అక్కడ చేసే కార్మికుడి పక్కన నిలబడి చేశారు. క్లాసులో బొమ్మలు చూడటం తక్కువ, చేతులతో చెయ్యడం ఎక్కువ.

అక్కడ నేర్పే పద్ధతికి ఒక తమాషా చరిత్ర ఉంది. అది అసలు అమెరికాలో పుట్టింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అనుభవం ఉన్న కార్మికులు సైన్యంలోకి పోతుంటే, కొత్తవాళ్ళకి త్వరగా పని నేర్పడానికి అమెరికా ప్రభుత్వం 1940లో ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అనే కార్యక్రమం పెట్టింది. 1945 దాకా 15 లక్షలకు పైగా సూపర్‌వైజర్లకి శిక్షణ ఇచ్చింది. యుద్ధం అయ్యాక ఇక్కడ దాన్ని మరిచిపోయారు. జపాన్ పునర్నిర్మాణం కోసం అక్కడికి తీసుకెళ్తే వాళ్ళు కళ్ళకద్దుకుని దాచుకున్నారు. నలభై ఏళ్ళ తర్వాత ఫ్రీమాంట్ కార్మికులు జపాన్ వెళ్ళి నేర్చుకొచ్చినదాంట్లో సగం వాళ్ళ తాతల నాటి అమెరికా సరుకే.

ఆ పద్ధతిలో నాలుగు మెట్లున్నాయి. మొదటిది, నేర్చుకోవడానికి వచ్చిన మనిషి బెరుకు పోగొట్టి, ఈ పని గురించి ఇప్పటికే ఏం తెలుసో కనుక్కోవడం. రెండోది, చేసి చూపించడం. మూడోది, అతని చేత చేయించి, చేస్తూ ఏం చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో పైకి చెప్పించడం. నాలుగోది, పని అప్పగించి, అనుమానం వస్తే ఎవరిని అడగాలో చెప్పి, మధ్యమధ్య వచ్చి చూసుకోవడం. నేర్చుకునేవాడికి రాలేదంటే నేర్పినవాడు సరిగ్గా నేర్పలేదనే లెక్క. ఈ చివరి మాట మన ఆఫీసుల్లో ఎంతమంది ఒప్పుకుంటారో మీరే ఆలోచించండి.

రెండో మెట్టులో ఇంకో కిటుకుంది. పనిని చిన్నచిన్న అంచెలుగా విడగొట్టి, ప్రతి అంచెకీ మెలకువ ఏమిటో, ఆ మెలకువ ఎందుకో రాసుకుంటారు. ఇది వినడానికి కొత్తగా ఉంటే ఆవకాయ తలుచుకోండి. మా అమ్మమ్మని అడిగితే "ఉప్పూ కారం సరిపడా వెయ్యడమే కదరా" అనేది. ఆ మాటతో ఆవకాయ పెట్టినవాళ్ళు ఎవరూ లేరు. అదే, అంచె: ముక్కలు తుడవడం. మెలకువ: తడిచుక్క మిగలకూడదు. కారణం: తడి ఉంటే నెలతిరక్కుండా బూజు పడుతుంది. ఇలా చెబితే వందో జాడీ కూడా మొదటిదానిలాగే వస్తుంది. కారణం తెలిసినవాడు మెలకువ వదిలిపెట్టడు. కారణం చెప్పని చోట, ఇదంతా చాదస్తం అని వదిలేస్తాడు.

ఇక రెండో సంగతి, వాతావరణం. నూమీలో ప్రతి కార్మికుడి తలమీదుగా ఒక తాడు వేలాడేది. దాన్నీ, దానితోపాటు వెలిగే దీపాన్నీ కలిపి జపాన్ వాళ్ళు ఆండాన్ అంటారు, దీపం అని అర్థం. పనిలో ఏ ఇబ్బంది వచ్చినా తాడు లాగాలి. లాగితే లైన్ వెంటనే ఆగిపోదు. గంట మోగుతుంది, దీపం వెలుగుతుంది, టీం లీడరు పరుగెత్తుకొస్తాడు. వచ్చి అడిగే మొదటి ప్రశ్న "ఎవరు చేశారిది?" అని కాదు, "నేనేం సాయం చెయ్యను?" అని. కారు ఆ చోటు దాటేలోగా ఇద్దరూ కలిసి సరిచేస్తే మళ్ళీ తాడు లాగుతారు, లైన్ సాగిపోతుంది. సరికాకపోతే అప్పుడు ఆగుతుంది.

ఒక్కసారి ఆలోచించండి. ఏం జరిగినా లైన్ ఆపకూడదని ఇరవై ఏళ్ళు విన్న మనిషి చేతికి, ఆపే తాడు ఇచ్చారు. ఆపితే నిమిషానికి ఎంత నష్టమో అతనికీ తెలుసు, ఇచ్చినవాళ్ళకీ తెలుసు. అయినా ఇచ్చారు. అతన్ని నమ్మి ఇచ్చారు. ఇందాక చెప్పిన మాట ఇక్కడ పనికొచ్చింది.

తాడు ఒక్కటే ఉంటే ఎవరూ లాగరు. దాని చుట్టూ ఇంకా కొన్ని ఏర్పాట్లు చేశారు. మేనేజర్లకి వేరే భోజనాల గది తీసేసి అందరికీ ఒకే కాఫెటేరియా పెట్టారు. కార్లు నిలుపుకోవడానికి పెద్దవాళ్ళకి ప్రత్యేకమైన చోట్లు తీసేశారు. పదుల కొద్దీ ఉన్న పని తరగతుల్ని కుదించి, టీంలో అందరూ అందరి పనీ నేర్చుకునేలా చేశారు. అన్నిటికంటే ముఖ్యంగా, కంపెనీ మనుగడకే ముప్పు వస్తే తప్ప ఎవరినీ తీసెయ్యమని యూనియన్‌తో ఒప్పందంలో రాసుకున్నారు. 1988 ప్రాంతాల్లో వాళ్ళు తయారుచేసే షెవ్రొలే నోవా కారు అమ్మకాలు బాగా పడిపోయాయి. ఫాక్టరీలో చాలాభాగం ఖాళీగా ఉంది. అయినా ఎవరినీ ఇంటికి పంపలేదు. ఆ ఖాళీ సమయంలో శిక్షణ ఇచ్చారు, పని మెరుగుపరిచే పద్ధతులు ఆలోచించమన్నారు. సులువు పద్ధతి చెబితే తన ఉద్యోగమే పోతుందేమో అన్న భయం అక్కడితో వదిలింది. ఈ భయం ఉన్నచోట ఎవడూ తనకి తెలిసిన కిటుకు పైకి చెప్పడు.

నూమీ శిక్షణ కార్యక్రమాలు తయారుచేసినవాళ్ళలో జాన్ షుక్ అనే అమెరికన్ ఒకాయన ఉన్నారు. 1983లో జపాన్‌లో టొయోటాలో చేరి, ఆ తర్వాత ఈ అనుభవం మీద చాలా రాశారు. ఆయన చెప్పేది స్థూలంగా ఇదీ. మనుషుల ఆలోచన మార్చి, దాంతో వాళ్ళ ప్రవర్తన మార్చాలని మనం ఉపన్యాసాలిస్తాం. వాళ్ళు రోజూ చేసే పని పద్ధతి ముందు మార్చండి, ఆలోచన దానంతట అదే వెనకాల వస్తుంది. నమ్మకం మీద పోస్టరు అంటించడం వేరు, తాడు లాగిన ప్రతిసారీ ఎవరో ఒకరు సాయానికి రావడం వేరు. అలా వందసార్లు వస్తే నమ్మకం దానంతట అదే కుదురుతుంది.

కథ ఇక్కడితో ఆపేస్తే అంతా చక్కగా ఉంటుంది గానీ, మిగతాది కూడా చెప్పాలి. ఇదే పద్ధతిని జనరల్ మోటర్స్ లాస్ ఏంజిలెస్ దగ్గర వాన్ నైస్ ఫాక్టరీలో పెట్టి చూసింది. టీంలన్నారు, క్లాసులు పెట్టారు. ఫలించలేదు. 1992లో ఆ ఫాక్టరీ మూతపడింది. అక్కడ మేనేజర్లని మెచ్చుకునేది ఎన్ని కార్లు బయటికి పంపారన్న లెక్కమీదే. లైన్ ఆగితే వాళ్ళకి ఒళ్ళు మండేది. కింద కొత్త పాఠం, పైన పాత లెక్క. పాఠం నేర్చుకొచ్చిన కార్మికుడు ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మిగిలిపోతాడు. ఫ్రీమాంట్ వాళ్ళు ఒకసారి ఉద్యోగాలు పోగొట్టుకుని రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నవాళ్ళు కాబట్టి కొత్తదానికి సిద్ధపడ్డారన్నది కూడా నిజమే.

నూమీ స్వర్గం కూడా కాదు. పని బాగా గట్టిగా ఉండేది, నిమిషంలో ఊపిరి తీసుకునే క్షణాలు తగ్గిపోయాయని యూనియన్‌లోనే కొందరు విమర్శించారు. 2009లో జనరల్ మోటర్స్ దివాలా తీసి భాగస్వామ్యం నుంచి తప్పుకుంది. 2010 ఏప్రిల్ 1న టొయోటా కూడా ఫాక్టరీ మూసేసింది. సుమారు 4,700 మంది ఉద్యోగాలు పోయాయి. మంచి వాతావరణం మంచి పని చేయించగలదు గానీ, మార్కెట్ నుంచీ, ఎక్కడో కూర్చుని తీసుకునే నిర్ణయాల నుంచీ ప్రతిసారీ కాపాడలేదు.

ఇప్పుడు మన ఆఫీసుల సంగతికి వద్దాం. మనకి కార్లు లేవు, లైన్ లేదు. తాడు మాత్రం ఉంది. మన తాడు పేరు "ఇది సిద్ధంగా లేదండీ" అని చెప్పడం.

కొన్నేళ్ళ క్రితం నేను ఒక క్లయింటు దగ్గర పనిచేశాను. పేరు అనవసరం. అక్కడ నాణ్యత మీద రెండు రోజుల శిక్షణ పెట్టారు. మంచి హోటలు, మంచి భోజనం, చివర్లో సర్టిఫికెట్టు. నెల తిరిగేసరికి బిల్లింగ్ సాఫ్ట్‌వేరు కొత్త రిలీజ్ శుక్రవారం రాత్రి వెళ్ళింది. కొంతమంది వినియోగదారులకి ఒకే బిల్లు రెండుసార్లు పోయింది. శని ఆదివారాలు అందరం అక్కడే. టెస్టింగ్‌లో పనిచేసే ఒక తెలుగమ్మాయి, ఆ శిక్షణలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న అమ్మాయి, ఈ లోపాన్ని బుధవారమే చూసిందని తర్వాత తెలిసింది. గురువారం మీటింగులో ఎందుకు చెప్పలేదని టీ తాగుతూ అడిగాను. "ఏం చెప్పమంటారండీ, పోయినసారి రిలీజ్ ఆపమన్నాయన్ని అందరి ముందూ ఇన్నాళ్ళూ ఏం చేశావన్నారు. ఆ తర్వాత ఆయన్ని మీటింగులకి పిలవడం మానేశారు. నా వీసా ఈ ఉద్యోగం మీదే కదండీ" అంది.

ఆ అమ్మాయికి శిక్షణ లోపం లేదు. ఆమె నేర్చుకున్న రెండో పాఠం మొదటిదానికంటే బలమైనది, అంతే. వీసా మాట కొట్టిపారేసేది కాదు. హెచ్1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే ఇంకొకటి చూసుకోవడానికి 60 రోజుల వరకే గడువు. ఇంటి అద్దె, పిల్లల బడి, ఊళ్ళో అమ్మానాన్నలకి పంపే డబ్బు, అన్నీ ఆ 60 రోజుల మీద వేలాడుతుంటాయి. అలాంటి మనిషికి తాడు లాగే చెయ్యి అంత సులభంగా లేవదు. కాబట్టి మన టీముల్లో మనవాళ్ళు ఎక్కువమంది ఉన్నచోట ఈ విషయంలో ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆస్పత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద 1996లో ఒక వ్యాసం ప్రచురించారు. మంచి నాయకత్వం ఉన్న నర్సింగు టీముల్లో పొరపాట్లు తక్కువుంటాయని అనుకుంటాం కదా. లెక్కల్లో అవే ఎక్కువ కనబడ్డాయి. తరచి చూస్తే, అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడం కాదు, భయం లేక పైకి చెప్పుకోవడం ఎక్కువ అని తేలింది. కాబట్టి మీ టీంలో ఎవరూ ఏ ఇబ్బందీ చెప్పడం లేదంటే సంతోషించే ముందు కాస్త ఆలోచించండి.

రాత్రి తొమ్మిదింటికి హైదరాబాదు టీంతో ఫోన్లో మాట్లాడేవాళ్ళకి ఇది ఇంకా బాగా తెలుస్తుంది. "శుక్రవారానికి అయిపోతుందా?" అంటే "ప్రయత్నిస్తామండీ" అంటారు. ఆ మాటకి కాదు అని అర్థమని తెలుగువాడికి తెలుసు, పక్కన కూర్చున్న అమెరికన్ మేనేజరుకి తెలియదు. పెద్దవాళ్ళ మొహంమీద కాదనకూడదని చిన్నప్పట్నుంచీ నేర్చుకున్న మర్యాద అది. తప్పుపట్టే పనిలేదు. ప్రశ్న మార్చాలి. "అవుతుందా?" అని కాకుండా "దీనికి ఏమేం అడ్డం రావచ్చు?" అని అడిగి చూడండి. అడ్డంకులు చెప్పడం కాదనడం కిందికి రాదు కాబట్టి, నాలుగు సంగతులు బయటికొస్తాయి.

ఇంకో మాట. శిక్షణని కొలవడానికి డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ అనే ఆయన 1959లో నాలుగు మెట్లు చెప్పారు. క్లాసు నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, దానివల్ల సంస్థకి ఫలితం కనబడిందా. నేను చూసిన కంపెనీల్లో ఎక్కువభాగం మొదటి మెట్టు మీదే ఆగిపోతాయి. కాగితం మీద అయిదుకి నాలుగున్నర వస్తే శిక్షణ బ్రహ్మాండం అంటారు. మూడో మెట్టు అడగాలంటే క్లాసు అయ్యాక నెలరోజులకి ఆ మనిషి కుర్చీ దగ్గరికి వెళ్ళాలి. నేర్చుకున్నది వాడటానికి టైమిచ్చామా, వాడబోతే ఎవరైనా అడ్డుపడ్డారా అని అడగాలి.

మీలో నలుగురైదుగురికి లీడ్‌గా ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారు. కంపెనీ మొత్తం మార్చడం మీ చేతిలో లేదు, నాకూ తెలుసు. నూమీలో కూడా టీం అంటే అయిదారుగురే. ఆ అయిదారుగురి మధ్య మీరు చెయ్యగలిగినవి మూడున్నాయి. కొత్తవాళ్ళకి పని చెప్పేటప్పుడు ఆవకాయ పద్ధతిలో అంచె, మెలకువ, కారణం మూడూ రాసివ్వండి. వాళ్ళ చేత చేయించి, నోటితో చెప్పించండి. చెడ్డవార్త ఎవరైనా తెస్తే, మీ నోట్లోంచి వచ్చే మొదటి మాట చూసుకోండి. మీ టీంలో మిగతా నలుగురూ ఆ మాటనే వింటుంటారు, వచ్చేనెల చెప్పాలా వద్దా అన్నది అప్పుడే నిర్ణయించుకుంటారు. మూడోది, చెప్పినవాళ్ళకి ఇబ్బంది రాకుండా, రిలీజ్ ఆపమన్న నిర్ణయం మీ పేరుమీద పైకి రాయండి. వీసా మీద ఉన్న పిల్ల పేరుమీద కాదు.

మీ ఆఫీసులో పనికిరాడని అందరూ అనుకునే మనిషి ఎవరో ఒకరు ఉండే ఉంటారు. రేపు సోమవారం ఆ మనిషి గురించి ఏదో అనేముందు, అతనికి ఈ పని ఎవరు, ఎలా నేర్పారో ఒకసారి కనుక్కోండి. అతను చివరిసారి తాడు లాగినప్పుడు ఎవరొచ్చారో, ఏమన్నారో కూడా అడగండి.